మాస్టారి షరతు

ఆ రోజుల్లో కుట్టుమిషన్లు బాగుచేసే ఒక చిన్న కంపెనీలో పనిచేసేవాళ్లు నలుగురే. యజమానిని అందరూ మాస్టారనే పిలిచేవారు. ఆయన వస్తూనే స్క్రూడ్రైవరు పట్టేవారు కాదు. మిషనుకు చెవి ఆనించి, చక్రం మెల్లగా తిప్పి, రోగమేమిటో చెప్పేవారు. తాను పని నేర్పిన మనుషుల్ని బట్టల ఫ్యాక్టరీలు ఎగరేసుకుపోతుంటే విసిగి, వాటితో చేసుకునే ఒప్పందంలో ఒక షరతు రాయించారు. సర్వీసు చేయించుకునేవాళ్లు తన మనుషుల్ని, తన దగ్గర మానేశాక రెండేళ్లదాకా పనిలో పెట్టుకోకూడదు.

పదకొండేళ్లుగా తన పక్కన కూర్చుని పనిచేస్తున్న మెకానిక్కు ఒకావిడని ఒక ఫ్యాక్టరీ మేనేజరు పనిలోకి రమ్మన్నాడని తెలిసి, మాస్టారు ఆ ఒప్పందం కాగితం పట్టుకుని స్వయంగా వెళ్లారు. మేనేజరు వెనక్కి తగ్గాడు. మర్నాడు ఆవిడ మామూలుగానే వచ్చింది, నూనె వేసింది, బెల్టులు బిగించింది. కాని గలగలా మాట్లాడే మనిషి వారమైనా పెదవి విప్పలేదు. గది బోసిపోయింది. చివరికి మాస్టారే, ఆవిడ ఆ ఫ్యాక్టరీలో చేరడానికి తనకు అభ్యంతరం లేదని ఉత్తరం రాసి ఆవిడ చేతిలో పెట్టారు.

"మరి అప్పుడెందుకు ఆపారండీ?"

"ఉండమని నోటితో అడగడం చేతకాలేదమ్మా. అందుకే కాగితం చూపించాను."

"అడిగుంటే ఉండిపోయేదాన్నేమో మాస్టారూ," అని ఆవిడ ఉత్తరం సంచిలో పెట్టుకుంది.

ఆవిడ వెళ్లాక కూడా ఒప్పందాల్లో ఆ షరతు అలాగే ఉంది గాని, మాస్టారు దాన్ని మళ్లీ బయటికి తీయలేదు. ఎవరైనా వెళ్తామంటే కుర్చీ జరిపి, పక్కన కూర్చుని, "ఉండిపోకూడదూ?" అని అడిగేవారు.