ఎండని ముఖం

దీనమ్మ ప్రత్తిపాడులో మిరపకాయల తొడిమలు తీసే కూలి. వానలకు ఎండుమానుల మీద మొలిచే గట్టి పుట్టగొడుగులను చిన్నప్పటి నుంచీ ఏరుకొస్తుంది. విసనకర్రలా విచ్చుకున్న వాటి అడుగుభాగం పాలలా తెల్లగా ఉంటుంది. తుమ్మముల్లుతో గీస్తే గీత గోధుమరంగుకు తిరుగుతుంది. ఎండాక ఇక చెరగదు. మొదట్లో కోడిపుంజులు, ఎడ్లు గీసేది. తమ్ముడు పిడుగురాళ్ల సున్నపు బట్టీలో కాలిపోయిన ఏడాది అతని ముఖం గీసింది. అప్పటి నుంచీ పోయినవాళ్ల ఫొటో లేని ఇళ్లవాళ్లు ఆమె దగ్గరికే వస్తున్నారు. గీసేముందు కారం మంట తగ్గేదాకా వేళ్లు మజ్జిగలో నానబెట్టుకుంటుంది. గీస్తున్నంతసేపూ పెదవులు బిగించి ఉంటుంది.

రెండువేల రెండు వానాకాలంలో పక్కింటి మహిమ వచ్చి, గుంటూరు ఆస్పత్రిలో పుట్టి పోయిన తన బిడ్డను గీయమంది.

"నుదురు వాళ్ల నాన్నదే పిన్నీ. కళ్లు తెరవనేలేదు" అని మహిమ చెబుతుంటే దీనమ్మ గీసింది. "పచ్చిగా ఉందే, ఎండేదాకా ముట్టుకోమాక. మరకైపోద్ది" అని ఆమె ఒళ్లో పెట్టింది.

మహిమ చూస్తూ చూస్తూ బుగ్గ నిమిరింది. తర్వాత నుదురు, కళ్లు. వేళ్లు తగిలినచోటల్లా మరక కమ్మి ముఖమంతా మాయమైంది.

"అయ్యో! ఇంకోటి గీస్తాలేవే."

"వద్దు పిన్నీ. ఆస్పత్రిలో బిడ్డని అద్దాల పెట్టెలో చూట్టమే గానీ ముట్టుకోనీలా. నాకు చెప్పకుండానే పూడ్చేశారు."

దీనమ్మ మళ్లీ ముల్లు తీయలేదు. ఆ మరకల పుట్టగొడుగునే ఎండలో పెట్టి, కాకులు రాకుండా పొద్దువాలేదాకా పక్కన కూర్చుంది.