రిబ్బన్ కడితేనే జీపొస్తది

మా రాళ్లవాగు తండా సర్పంచి రూప్‌సింగ్‌కు ఒకటే పిచ్చి: కనబడిన ప్రతిదానికీ ప్రారంభోత్సవం చేయడం. జేబులో పెన్ను ఉండదు, కత్తెర ఉంటుంది. సంతకం పెట్టాలంటే పంచాయతీ కార్యదర్శినైన నా పెన్నే దిక్కు.

ఎన్నికల్లో వాగు మీద వంతెన కట్టిస్తానన్నాడు. కొబ్బరికాయలు కొట్టీ కొట్టీ శంకుస్థాపన రాయి అరిగిపోయింది గానీ, వంతెన మంజూరు కాలేదు. అంతమాత్రాన ఆయన పాలన ఆగుతుందా? బోరింగుకు వాషర్ వేస్తే ప్రారంభోత్సవం. వీధిలైటుకు బల్బు మారిస్తే ప్రారంభోత్సవం. బడి గేటుకు గొళ్లెం పెడితే టేకులపల్లి నుంచి ఎంపీడీవో గారు స్వయంగా విచ్చేసి, గొళ్లెం తీసి, మళ్లీ వేసి, చప్పట్లు అందుకుని వెళ్లారు.

"గొళ్లానికి ఎంపీడీవో ఎందుకన్నా?" అన్నాను.

"మరి కలెక్టర్‌ను పిలుద్దుమా?" అన్నాడు, నిజంగానే ఆలోచిస్తూ.

ఆయన భార్య మంగ్లిది వేరే బాధ. "జాకెట్లు కుట్టే కత్తెర సార్ అది! గీయన పట్టుకపోతే నేను బట్టను పండ్లతోని కొరకాల్నా?"

పోయిన వారం ముసురు పట్టిన రోజు పొద్దున్నే ఫోన్ చేశాడు. "సెక్రటరీ సాబ్, బడికాడ కొత్త నల్లా బిగించినం. ఎంపీడీవో సార్‌ను జల్దీ రమ్మను."

"ఇంత వానలో నల్లాకా?"

"తాగునీటి పథకమని చెప్పు, ఉరికొస్తడు."

నిజంగానే వచ్చారు. పెద్ద చక్రాల సర్కారు జీపు వాగు దాటి బడి ముందు ఆగింది. సార్ జీపులోంచే కత్తెర కోసం చేయి చాపితే రూప్‌సింగ్ ఆ చేతిని పట్టుకున్నాడు.

"నల్లా ఏడికి పోదు సార్. ముందుగాల హేమ్లిని పంపాలె. పొద్దుగాల సంది నొప్పులు. 108 ఆ ఒడ్డుకే ఆగింది, నీళ్లల్ల దిగనంటున్నరు."

బడి అరుగు మీద నిండు చూలాలు హేమ్లి అత్త చేయి పట్టుకుని మూలుగుతోంది. సార్ గబగబా దిగి, వాళ్లిద్దర్నీ జీపెక్కించారు. జీపు తిరిగొచ్చేదాకా గొడుగు కింద నిలబడి, కుండపోత వానలో నీటి పొదుపు గురించి ఉపన్యసించారు. సాయంత్రానికి దవాఖానా నుంచి కబురు: ఆడపిల్ల, ఇద్దరూ క్షేమం.

అప్పుడు వెలిగింది నా బుర్ర. గొళ్లెం రోజున అదే జీపులో జ్వరంతో కాలిపోతున్న భాను వెళ్లింది. బల్బు రోజున కాలు విరిగిన బొజ్జయ్య వెళ్లాడు. రోగి ఉన్నాడంటే ఏ ఆఫీసూ జీపు పంపదు. రిబ్బన్ కట్టామంటే మాత్రం అది ఏరూ వాగూ చూడదు. రూప్‌సింగ్ మీద ప్రేమ పొంగుకొచ్చింది. పైకి చెప్పలేదు, చెబితే దానికీ రిబ్బన్ కడతాడు.

నిన్న ఎంపీడీవో గారే ఫోన్ చేశారు. "ఈ వారం మీ తండాలో ప్రారంభోత్సవం ఏం లేదా? వెనక సీటు ఖాళీగానే ఉందయ్యా."

రూప్‌సింగ్‌ను అడిగాను.

"బేస్తవారం నాడు ముత్తక్కకు కంటి ఆపరేషనుంది," అన్నాడు తల గోక్కుంటూ. "కానీ ఓపెన్ చేస్తందుకు ఏం మిగల్లే సార్."

"మా ఆఫీసు కిటికీ ఉందిగా అన్నా," అన్నాను. "కట్టినప్పటినుంచీ ఒక్కసారీ తెరవలేదు."