ఐదో రకం

నికాసియా ముఖం మీద కూడా దుప్పటి కప్పుకుని పడుకుంటుంది. బార్సిలోనాలో, నాలుగో అంతస్తులో, నున్నటి తెల్లటి పైకప్పు కింద కూడా అంతే. ఆమె ఆ ఇంట్లోనే ఉండి చూసుకునే ముసలావిడ రెమెయ్‌కి ఇది నవ్వులాట. "శవంలా ఏమిటే ఆ ముసుగు?" అంటుంది. బొలీవియాలో, కొచబాంబా లోయలో, మట్టిగోడల ఇళ్లలో పెరిగినవాళ్లెవరూ ఆ ప్రశ్న అడగరు. చీకటి పడ్డాక గడ్డికప్పులోంచి మీద పడే పురుగుకి వాళ్ల భాషలో పేరే 'జారిపడేది'. అది కుట్టి, అక్కడే రెట్ట వేసి పోతుంది. రెట్టలోని క్రిమి గోకిన చోటి నుంచి రక్తంలోకి దూరుతుంది. ఏళ్ల తరబడి కిక్కురుమనదు. కొందరికి మాత్రం నెమ్మదిగా గుండెను తినేస్తుంది. చాగస్ జబ్బు అదే.

నికాసియాకి అది ఉందని ఆసుపత్రిలో ఇదివరకే చెప్పారు. మందు మొదలుపెట్టే ముందు ఇంకాస్త రక్తం తీసుకున్నారు. వలసొచ్చినవాళ్ల ఒంట్లో ఏ రకం క్రిమి ఉందో జన్యువుల్ని బట్టి తేలుస్తారట. రకం తేలితే మందు మారుతుందా అంటే, మారదు. పరిశోధకులకి ఒక వ్యాసం తయారవుతుంది, చివర్లో వలసజీవుల గొప్ప సహకారానికి కృతజ్ఞతలు ఉంటాయి. డాక్టరమ్మ మంచిది కాబట్టి తేలిన సంగతి దాచకుండా చెప్పింది.

"మీది ఐదో రకం, నికాసియా గారూ."

నికాసియా తలూపి, సంచీ తీసుకుని వచ్చేసింది. ఆమె ఊళ్లో బడి ఐదో తరగతితో సరి. ఐదు అయిందంటే పుస్తకాలు అటక మీద పడేసి గొర్రెల వెంట పోవడమే. ఐదు తర్వాత ఏముంటుందని అక్కడ అడిగినవాళ్లు లేరు. జబ్బులోనూ ఐదంటే ఆఖరి మెట్టే అనుకుంది. మేనమామ బంగాళదుంప చాళ్లలో నాగలి పట్టుకునే కూలిపోయాడు. ఆయనదీ ఐదే అయ్యుంటుంది.

చిత్రమేమిటంటే, ఆమె మనసు కాస్త తేలికపడింది కూడా. చచ్చేదానికి ఎవర్నీ ఏదీ అడిగే పనుండదు. అడగాలంటే రెమెయ్ కొడుకు ఫెర్రాన్‌నే అడగాలి. ఆమెకి సెలవు ఆదివారమే. మందు వాడితే మామూలు రోజుల్లో ఆసుపత్రికి వెళ్లి చూపించుకుంటూ ఉండాలి. పని ఒప్పందం మీద అతను సంతకం పెడితేనే ఆమెకి ఈ దేశంలో ఉండే హక్కు. అది లేకుండా ఊళ్లో ఉన్న తన తల్లిని చూడ్డానికి వెళ్తే మళ్లీ రానివ్వరు. పని పోతే ఇన్నేళ్ల ఎదురుచూపు గంగలో కలుస్తుంది. అతను "చూద్దాం" అంటూనే ఉన్నాడు.

ఆదివారం బొలీవియావాళ్లంతా చేరే పార్కులో డెల్ఫీనా, అన్నం మీద పల్చటి మాంసమూ గుడ్డూ వేసిన పళ్లెం ఆమె ముందు పెట్టింది. డెల్ఫీనా కొడుక్కి నికాసియా జ్ఞానస్నానపు తల్లి. ఆ వరసన ఒకరినొకరు కొమాద్రే అనుకుంటారు. పళ్లెం ముట్టకపోయేసరికి డెల్ఫీనా గుచ్చి గుచ్చి అడిగింది. ఐదొచ్చిందని చెప్పింది నికాసియా.

"నాదీ ఐదే," అంది డెల్ఫీనా. పక్కకి తిరిగి, "ఏమే బెనీతా, నీకెంతొచ్చింది?"

"ఐదు."

"మన బడిలో పైతరగతికి పోయినది ఒక్కతైనా ఉందా?"

తాను ఇటుకల ఇంట్లో పుట్టానని, ఆ పురుగు మొహమే చూడలేదని ఎప్పుడూ గొప్పలు పోయే ఇల్సె, పళ్లెంలోకి చూస్తూ, "నాదీ అంతే" అని గొణిగింది. ఆ చెట్ల కింద అంత నవ్వు ఆ ఏడాదంతా వినపడలేదు.

"అది మెట్టు కాదు కొమాద్రే, ఉత్త పేరు. మనవైపు వాళ్లలో ఎక్కువగా ఉండేది అదేనట. రెండు నెలలు మాత్రలు మింగు. దద్దుర్లొస్తాయి, గోక్కుంటావు," అంది డెల్ఫీనా.

నికాసియా నవ్వలేదు. ఇక అడక్క తప్పదు.

మర్నాడు ఫెర్రాన్ వచ్చినప్పుడు చెప్పింది. అంటుకుంటుందా అని అడిగాడు. కంచాల వల్లా కప్పుల వల్లా రాదని డాక్టరమ్మ అన్న మాటే చెప్పింది. అతను మర్యాదగానే విన్నాడు. ఆరోగ్యం కంటే ఏది ముఖ్యమన్నాడు. ఆసుపత్రి రోజున వచ్చి అమ్మ దగ్గర కూర్చుంటానన్నాడు. ఒప్పందం మాత్రం వేసవి దాటాక చూద్దామన్నాడు. అతను వెళ్లాక నికాసియా అలమర తెరిచింది. ఆమె తాగే కప్పు ఒక్కటే విడిగా ఉంది, పిడికి ఎర్ర టేపు చుట్టి.

ఆసుపత్రి రోజున వస్తానన్నవాడు రాలేదు. తలుపు తీసి ఉంచితే ముసలావిడ వీధిలోకి పోతుంది. నికాసియా ఆవిడని టీవీ ముందు కూర్చోబెట్టి, బయటినుంచి తాళం వేసింది.

"నన్ను లోపల పెట్టి పోతున్నావా?"

"ఇదిగో, ఇప్పుడే వచ్చేస్తానమ్మా."

"వాడూ అలాగే అంటాడు."

లిఫ్టు వచ్చింది, ఖాళీగా కిందికి పోయింది. నికాసియా తాళం తీసి, ఆవిడకి కోటు తొడిగి, చెయ్యి పట్టుకుని నడిపించుకుపోయింది. ఆలస్యమైంది, చివాట్లు పడ్డాయి, మాత్రలు దొరికాయి.

"అబ్బాయిగారితో చెప్తారా?" దారిలో అడిగింది.

"గుర్తుంటే కదే."

ఇంటికొచ్చి, ఎర్ర టేపు కప్పులో నీళ్లు పోసుకుని మొదటి మాత్ర మింగింది. కప్పు బల్ల మీద పెట్టి, కోటు తగిలించి వచ్చేసరికి, రెమెయ్ మిగిలిన నీళ్లు తాగుతోంది.

"ఆ కప్పు కాదమ్మా, ఇటివ్వండి."

"ఎర్రది బాగుంది. నాకిదే కావాలి," అని రెండు చేతులతోనూ గట్టిగా పట్టుకుంది ముసలావిడ.

నికాసియా లాక్కోబోయి ఆగింది. బయట, తలుపులో ఫెర్రాన్ తాళంచెవి తిరుగుతోంది.