దొనకు దిగేముందు కూత

మూడు అర్జీలు ఇచ్చాను. ఒక్కదానికీ కాగితం మీద ఒక్క ముక్క జవాబు రాలేదు. మొదటిసారి అటవీ అధికారి నన్ను వరండాలో బల్ల మీద కూర్చోబెట్టి, భోజనానికని వెనక వాకిలి నుంచి వెళ్లి మళ్లీ రాలేదు. రెండోసారి వెళితే, "ఎలుగు సారొచ్చినాడు" అని లోపల ఎవరో అన్నారు. ఆ నవ్వులు నాకు వినబడ్డాయి. ఇప్పటికీ వినబడుతూనే ఉన్నాయి. అందుకే జరిగింది ఇక్కడ రాస్తున్నాను.

ఉద్యోగం అయిపోయాక ఉదయగిరి కొండల్లో జంతువులను చూడటం నాకు అలవాటైంది. తెల్లవారుతూనే ఎక్కి, దొనకు ఎదురుగా ఉన్న బండ మీద బోర్లా పడుకుంటాను. దొన అంటే రాతి గుంటలో నిలిచే ఊట. ఎండాకాలం కొండకు ఆ వైపంతా అదొక్కటే నీరు. దుప్పులు, కణుజులు, ఎలుగుబంట్లు అక్కడికే వస్తాయి. మేకలు కాసేవాళ్లూ తాగే నీళ్లకు అక్కడికే దిగుతారు. ఒకరికొకరు ఎదురుపడకుండా ఒక పద్ధతి ఉండేది. దారి మలుపులో నిలబడి, కర్రతో రాయిని కొట్టి, "ఓఓయ్" అని కూత వేసి, కాసేపాగి దిగడం. ఎలుగుకు చూపు తక్కువ. ముందే చప్పుడైతే తనే తప్పుకుంటుంది.

నిరుడు సరిగ్గా ఆ మలుపులోనే బోర్డు పాతారు, నిశ్శబ్దం పాటించమని. కొండ మీది దుర్గం చూడటానికి వచ్చి పాటలు పెట్టే కుర్రకారు కోసమట. వాళ్లు దాన్ని చదవలేదు. మేకలవాళ్లు పాటించారు. ఆ బోర్డు తీసేయమని మొదటి అర్జీ అప్పుడే ఇచ్చాను, కొన్నాళ్లకు రెండోదీ.

ఈ వేసవిలో ఒక పొద్దున తల్లి ఎలుగు దొనలో మూతి పెట్టి నీళ్లు జుర్రుతోంది. వీపు మీద బొచ్చు పట్టుకుని రెండు పిల్లలు. అప్పుడు మలుపులో మేకలు కాసే పెద్దమ్మ కనబడింది, చేతిలో క్యానుతో. ఆగింది. బోర్డు వంక చూసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని దగ్గు ఆపుకుని, మెల్లగా దిగసాగింది. మధ్యలో పొదలు. ఆమెకు ఎలుగు కనబడదు. గాలి దొన మీదుగా ఆమె వైపే కొడుతోంది, ఎలుగుకు ఆమె వాసన అందదు.

అరిస్తే అది బెదిరి ఎటు దూకుతుందో తెలియదు. అరవకపోతే నాలుగు అడుగుల్లో ఎదురుపడతారు. ఏళ్ల తరబడి ఆ బండ మీద నోరు మూసుకోవడమే నేర్చుకున్నవాణ్ని. ఆ రోజూ గొంతు వెంటనే పెగల్లేదు. ఈ సంగతి ఏ అర్జీలోనూ రాయలేదు. ఆమె పొద దాటబోతుండగా అరిచాను.

ఎలుగు రెండు కాళ్ల మీద లేచింది. రొమ్ము మీద తెల్లమచ్చ. ఒక్క అరుపు అరిచి దారి వెంటే దూకింది. పెద్దమ్మ క్యాను వదిలేసి బండల్లోకి పడిపోయింది. పిల్లలతో సహా అది ఆమెను రాసుకున్నంత దగ్గరగా దాటి పొదల్లోకి పోయింది. క్యాను దొర్లుతున్న చప్పుడు ఒక్కటే మిగిలింది.

నేను చేరేసరికి ఆమె మణికట్టు వేలాడుతోంది.

"కూత వెయ్యకుండా ఎట్లా దిగినావమ్మా?" అన్నాను.

"నువ్వు సదువుకున్నోడివి గదా, బోర్డు చూళ్లా? మొన్న కూతేస్తే గార్డు కసిరినాడు. ఇంకోసారి అరిస్తే మేకల్ని కొండెక్కనీనన్నాడు." నొప్పితో పళ్లు బిగబట్టి కూడా నవ్వింది. "ఆ బోర్డేదో మా ఇంటాయన మెడకు కట్టినా రోంత నిమ్మళంగా ఉండును."

ఆత్మకూరు తీసుకెళ్లి కట్టు కట్టించాను. మూడో అర్జీతో వెళితే అధికారి మొదటిసారి నా ముఖం చూశాడు.

"మీరు అరవబట్టే అది బెదిరిందండీ. చూడ్డానికి పోయినోళ్లు గమ్మునుండాల గదా," అన్నాడు. అర్జీని మడిచి ఫైళ్ల కింద పెట్టాడు.

పెద్దమ్మ చేయి ఇంకా కట్టులోనే ఉంది. ఇప్పుడు ఆమె కోడలు మేకలు తోలుకెళుతోంది. కూత వెయ్యమని చెప్పాను.

"వేస్తా సార్. మేకల్ని ఆపితే మీ ఇంట్లో మేపుతావా?" అంది.

దానికి జవాబు చెప్పాల్సింది ఆ అధికారి. అధికారి గారూ, నేను అరిచింది తప్పని ఎక్కడైనా రాసుకోండి, అభ్యంతరం లేదు. ఆ అమ్మాయి మలుపులో నిలబడి కూత వేస్తే మేకలను ఆపుతారా, ఆపరా? రేపు పొద్దున ఆమె దొనకు దిగకముందే చెప్పండి.