బస్సు బోర్డు చదివిన కన్ను

అత్వెల్లి పెద్దమ్మ పోయిన ఆదివారం కన్నుమూసింది. తమ్ముడు ఫోన్‌లో ఈ మాటే అనేసరికి, ఆ కన్ను కోసం ఆమె పడ్డ పాట్లే ముందు గుర్తొచ్చాయి.

మా అమ్మకు అక్క. మిషన్ కుట్టి పిల్లల్ని పెంచిన మనిషి. షుగర్‌ను మాత్రం లెక్కచేయలేదు. ఎడమకన్ను మసకబారితే అద్దాలు మార్చుకుంటూ గడిపింది, అది పూర్తిగా పోయింది. తొంభైల చివర కుడికంట్లోనూ నెత్తురు కారింది. లోపలి పొర ఊడుతోందని, ఆపరేషన్ చేస్తామని, చూపు ఎంత వస్తుందో, ఎన్నేళ్లు నిలుస్తుందో చెప్పలేమని డాక్టరు అన్నాడు. ఉన్నది ఆ ఒక్క కన్నే. పెద్దమ్మ ఆపరేషన్‌కు ఒప్పుకుంది.

ఆపరేషన్‌లో కంట్లోకి గ్యాస్ ఎక్కించి, అది పొరను అదిమి పట్టడానికి కొన్నాళ్లు తల వంచుకునే ఉండమన్నారు. పలకరించడానికొచ్చిన చర్చివాళ్లు ఆమె ప్రార్థనలో ఉందనుకుని చుట్టూ మోకరించి కళ్లు మూసుకునేవారు. పెద్దమ్మ కాసేపు ఓర్చుకుని, తలెత్తకుండానే అనేది: “ఇగ ఆమెన్ అనుండ్రి, చాయ్ సల్లారుతాంది.”

చూపు వచ్చింది, పూర్తిగా కాదు. గీతలు వంకరగా కనబడేవి, పొద్దుగూకితే గడప తగిలేది. ఆసుపత్రి అక్షరాల పట్టీ మీద ఆమెకు నమ్మకం లేదు. రోడ్డు మీద నిలబడి, వచ్చే బస్సు బోర్డు ఎంత దూరం నుంచి చదవగలదో తానే చూసుకునేది. మొదట్లో బస్సు కల్వర్టు దగ్గరుండగానే చదివింది. రెండేళ్లకు బస్సు ఇంకా దగ్గరికి, పంక్చర్ షాపు దాకా రావాల్సొచ్చింది. శుక్లం తీయించుకున్నాక మళ్లీ కల్వర్టు దగ్గరే చదివి, బస్టాపులో అందరికీ చెప్పుకుంది. చివరి ఏళ్లలో బస్సు ఎదురుగా ఆగితే గానీ తెలిసేది కాదు. అయినా ఆ చూపు పదేళ్లు దాటి నిలిచింది. మనవలను ఎత్తుకోకముందే మొహం చూసి పోల్చుకుంది.

షుగరున్న వాళ్లెవరినీ వదిలేది కాదు. “కనవడ్తున్నప్పుడే కండ్లు సూపిచ్చుకోవాలె. కనవడకుంటే ఇగ ఏం సూపిస్తవ్?” అని సాధించేది. నన్నూ అలాగే చెయ్యి పట్టుకుని కంటి డాక్టరు దగ్గరికి లాక్కెళ్లింది. సమయానికి లేజర్ చేయించుకోబట్టి ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నాను.

పోయిన నెల పెద్దమ్మ కిడ్నీలు పాడయ్యాయి. ఇక లాభం లేదన్నారు. మంచం పక్కన కూర్చుని, గొంతు మామూలుగా ఉంచుకుని ఊరి కబుర్లు చెబుతున్నాను. దగ్గరికి రమ్మంది పెద్దమ్మ. నా మొహాన్ని జానెడు దూరానికి లాక్కుని, కుడికన్ను చిట్లించి చూసింది.

“ఎందుకేడుస్తున్నవ్ బిడ్డా? నాకు కనవడ్తాంది.”

బొటనవేలితో నా కంటి కింద తుడిచింది.