జేబులో తాయెత్తు

కబడ్డీలో షేక్ సైదా కూతకు వెళ్లే ముందు కుడికాలి బొటనవేలితో నేలను ఒకసారి తడిమి చూసేవాడు. గట్టినేలా, గుల్లనేలా అని. నేను వడ్రంగిని. బాడిసె ఎత్తే ముందు చెక్క మీద వేలు ఆనించి చూసుకోవడం నాకూ అలవాటే. అతను నాకు నచ్చడానికి మొదటి కారణం అది.

సైదాది జగ్గయ్యపేట. తండ్రి చిన్నప్పుడే పోతే తల్లి షాజాది బొంతలు కుట్టి పెంచింది. పగలు మిర్చి బస్తాలు మోసేవాడు, సాయంత్రం ఊరి బయట తుమ్మచెట్ల పక్కనున్న ఖాళీస్థలంలో కబడ్డీ ఆడేవాడు. నేర్పినవాళ్లు ఎవరూ లేరు. చూసి, పడి, లేచి నేర్చుకున్నాడు. ఇరవై రెండేళ్లకు జిల్లా జట్టులో ఆడాడు. పేపర్లో ఫొటో పడింది. ఆ ఫొటో మంగలి షాపులో అద్దం పక్కన ఒకటి, సోడా కొట్లో ఒకటి అంటించారు. 1977 మే నెలలో ఒక ప్రభుత్వ సంస్థ నుంచి ఆటగాళ్ల కోటాలో ఉద్యోగానికి కాగితం వచ్చింది. జూన్ ఒకటిన చేరాలి.

మా ఊరి కబడ్డీ ఆటలకు అంపైరును నేనే. ఆ పని నాకూ ఎవరూ నేర్పలేదు. రూల్సు పుస్తకం తెచ్చుకుని కూడబలుక్కుంటూ చదివాను. కోర్టు కొలిచి, నాలుగు మూలలా తుమ్మ మేకులు దిగ్గొట్టి, కొబ్బరితాడు లాగి కట్టడం కూడా నా పనే. నా కోర్టు అంగుళం తేడా రాదని నందిగామ వాళ్లు కూడా ఒప్పుకునేవారు.

మే పద్దెనిమిదిన నందిగామతో ఆట. పొద్దున మేకులు కొడుతుంటే ఉత్తరం మూలది దిగలేదు. కింద సున్నపురాయి తగిలింది. రెండంగుళాలు పైకి మిగిలింది. రంపంతో నేలమట్టానికి కోసేస్తే సరిపోయేది, పావుగంట పని. అప్పటికే అతిథులు వచ్చేశారు, మైకులో నా పేరు పిలుస్తున్నారు. మేకు చుట్టూ మట్టి ఎగదోసి, కాలితో తొక్కి వెళ్లిపోయాను. నా చేతులతో చేసిన పనుల్లో సగంలో వదిలేసింది అదొక్కటే.

ఆటకు ముందు ఆటగాళ్ల గోళ్లు చూడాలి, ఒంటిమీద నూనె ఉందేమో చూడాలి, ఉంగరాలూ మొలతాళ్లూ తీయించాలి. అందరివీ చేతిరుమాల్లో మూటగట్టాను. సైదా చేతి దండకున్న రాగి తాయెత్తు విప్పి నా చేతిలో పెట్టాడు.

"నేల మీద పెట్టమాకండి మేస్త్రిగారూ. మా అమ్మ కట్టింది."

దాన్ని చొక్కా పైజేబులో వేసుకున్నాను.

ఆట చివర్లో నందిగామ కుర్రాడు భవానీప్రసాద్ ఉత్తరం మూలలో సైదా నడుం పట్టాడు. సైదా విదిలించుకున్నాడు. భవానీప్రసాద్ బోర్లా పడ్డాడు. లేచేసరికి కుడికన్ను మీద చెయ్యి పెట్టుకుని ఉన్నాడు, వేళ్ల సందుల్లోంచి రక్తం. ఒక్కసారిగా జనం కోర్టులోకి వచ్చేశారు.

"చేత్తో ఏదో గీకాడ్రా" అన్నారెవరో.

ఆ మాట అన్నదెవరో ఈనాటికీ తెలీదు. అందరూ కుర్రాణ్ణి జీపులోకి ఎక్కిస్తుంటే నేను వంగి ఆ మేకు పీకాను. చివర తడిగా ఉంది. పనిసంచిలో వేసుకున్నాను. సైదా వచ్చి చెయ్యి చాపితే తాయెత్తు ఇచ్చేశాను. కట్టుకుని బస్టాండు వైపు నడిచాడు, కుర్రాడికి ఎలా ఉందో ఆస్పత్రికి వెళ్లి కనుక్కుందామని. బస్టాండులో జనం పట్టుకుని కొట్టారు. పోలీసులు వచ్చేసరికి తాయెత్తు దండకే ఉంది. దాని మూత అంచు కాస్త లేచి ఉంది.

భవానీప్రసాద్‌కు ఆ కన్ను పోయింది.

మూడోరోజు పేపర్లో తాయెత్తులో బ్లేడు అని పడింది. అది ఉత్త రాగి గొట్టం, లోపల కాగితం చుట్ట. అయినా బ్లేడును కళ్లారా చూశామన్నవాళ్లు మా బజార్లోనే నలుగురు తేలారు. మంగలి షాపులో ఫొటో తీసేశారు. "వాడి చూపు ముందునించే తేడా, నేనప్పుడే అనుకున్నా" అన్నాడు ఆ ఫొటో అంటించిన మనిషే. జూన్ ఒకటి వెళ్లిపోయింది. కేసు తేలాక చూద్దామని సంస్థ నుంచి ఉత్తరం వచ్చింది.

నన్ను ఎస్సై అడిగాడు. "జనం మూగారండి, కనపడలా" అన్నాను.

ఒక మధ్యాహ్నం షాజాది నా పాకకు వచ్చింది. నేను కిటికీ రెక్కకు చిత్రిక పడుతున్నాను.

"రత్తయ్యన్నా, తాయెత్తు నీ జేబులోనే ఉందంట గదా. పిల్లోడు చెప్పాడు."

చిత్రిక ఆపలేదు.

"పోలీసోళ్లకి చెబితే నవ్వారంట. నువ్వు చెబితే నవ్వరు. నీది కొలిచి చెప్పే నోరంటారు గదా అందరూ."

"కోర్టులో అడుగుతారుగా షాజాదమ్మా. అప్పుడు చూద్దాం."

ఆమె వంగి, కింద పడ్డ చెక్కపొట్టు కొంచెం కొంగులోకి ఎత్తుకుని, పొయ్యిలోకి పనికొస్తుందని వెళ్లిపోయింది. జేబు సంగతి చెబితే, మరి కన్నుకు తగిలిందేమిటని తర్వాతి ప్రశ్న వస్తుంది. అది వస్తే మేకు బయటికొస్తుంది. నా ఇంటిమీద పడతారు. రేపటి నుంచి గుమ్మం చెయ్యమని నన్నెవరు పిలుస్తారు? నేను ఆలోచించింది ఇదే. ఇంతకుమించి ఏ కారణమూ లేదు.

నందిగామ కోర్టులో సాక్ష్యం ఏడాదిన్నరకు వచ్చింది. సైదా తరఫు ప్లీడరు అడిగాడు.

"ఆటకు ముందు తాయెత్తు తీయించారా?"

"అందరివీ తీయిస్తామండీ."

"ముద్దాయిది తీయించారా? మీ జేబులో వేసుకున్నారా?"

సైదా బోనులోంచి నావైపు చూస్తున్నాడు. అడగడం లేదు, బతిమాలడం లేదు. చూస్తున్నాడంతే.

"ఆరోజు ఎవరెవరిది తీయించానో గుర్తులేదండీ."

1980లో తీర్పు వచ్చింది. నేరం రుజువు కాలేదు, సంశయ లాభం కింద విడుదల. రుజువు అయ్యేదాకా మనిషి నిర్దోషి అని చట్టంలో ఉందని ప్లీడరు మెట్ల మీద అందరికీ చెప్పాడు. జనం విన్నది సంశయం అన్న మాట ఒక్కటే. "ఏం చెయ్యకపోతే చెయ్యలేదని రాసుండేవారు గదా. డౌటు మీద వదిలేశారు." మా బజార్లో ఈ మాట విన్నప్పుడల్లా తల దించుకుని పక్కకు పోయేవాణ్ణి. ఆ డౌటు నేనిచ్చిందే. ఉద్యోగం ఇంకెవరికో ఇచ్చేశారు. ఏ జట్టూ సైదాను పిలవలేదు. అతను చిల్లకల్లు రోడ్డు పక్కన లారీలకు పంచర్లు వేసే కొట్టు పెట్టుకున్నాడు. నేను ఈల పక్కన పెట్టేశాను. మోకాళ్ల నొప్పులని చెప్పాను.

1986లో ఒక పొద్దున పాక ముందు సైకిలు ఆగింది. తొమ్మిదేళ్ల తర్వాత అతన్ని దగ్గరగా చూశాను. కణతల దగ్గర వెంట్రుకలు నెరిశాయి.

"అమ్మ పోయింది మేస్త్రిగారూ. సమాధిలో అడ్డం పెట్టడానికి పలకలు కావాలి."

"నేనే చెయ్యాలా?" అన్నాను. ఎందుకన్నానో తెలీదు.

"మీ పని బాగుంటుంది గదా."

ఆరు పలకలు కోశాను. కనిపించని చోట పెట్టేవే అయినా అంచులు చిత్రిక పట్టాను. సైదా ఒక్కొక్కదాని మీదా బొటనవేలు ఆనించి చూసి, తాడుతో కట్టి తీసుకెళ్లాడు.

వారం తర్వాత ఆ మేకు సంచిలో వేసుకుని సైకిలు మీద చిల్లకల్లు వెళ్లాను. సైదా నీళ్లతొట్టిలో ట్యూబు ముంచి బుడగలు చూస్తున్నాడు. మేకు తీసి అతని ముందు పెట్టాను. ఉత్తరం మూల, సున్నపురాయి, రెండంగుళాలు, అన్నీ చెప్పాను. మేకును చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు.

"ఇది నాకు తెలీదు" అన్నాడు చివరికి. "జేబు సంగతి నాకు తెలిసిందే. నాకు చెప్పి ఏం లాభం? అదిగో, ఆ టీకొట్లో చెప్పండి. రోజూ లారీ డ్రైవర్లకి నన్ను చూపించి కథ చెబుతుంటారు."

టీకొట్టు బుల్లిబాబుది. బల్లల మీద ఏడెనిమిది మంది ఉన్నారు. నిలబడి చెప్పాను. జేబు సంగతీ మేకు సంగతీ మొత్తం చెప్పాను. బుల్లిబాబు గ్లాసు కడుగుతూ అన్నాడు.

"సైకిలుకి జన్మంతా ఊరికే పంచరేస్తానన్నాడా మేస్త్రీ?"

అందరూ నవ్వారు.

"పెద్దాయన్ని బానే పట్టాడు" అన్నాడు ఇంకొకడు. "నిప్పు లేందే పొగొస్తదా?"

"నా జేబులో ఉందయ్యా. ఇదిగో ఈ జేబులో" అని చొక్కా చూపించాను. అది ఆ చొక్కా కూడా కాదు. ఇంకా నవ్వారు.

తిరిగి వచ్చేసరికి సైదా ట్యూబుకు అతుకు వేస్తున్నాడు.

"నమ్మలేదు" అన్నాను.

"విన్నా. తొమ్మిదేళ్ల బట్టీ నేనూ అదే జేబు చూపిస్తున్నా. ఒక్కపూటకే మీకంత కష్టమైందా?"

నా సైకిలు స్టాండు తీశాను.

"నందిగామలో చెప్పండి. గుర్తులేదన్నది అక్కడ. కన్ను పోయినోడూ అక్కడే ఉన్నాడు."

"వెళతాలే సైదా. ఈ శ్రావణం దాటనియ్. గుమ్మాల పనులున్నాయి."

అతను చేతులు గుడ్డకు తుడుచుకుని లేచాడు. హైదరాబాదు వైపు నుంచి విజయవాడ బస్సు వస్తోంది. అక్కడ స్టాపు లేదు. సైదా రోడ్డు మధ్యకు వెళ్లి చెయ్యెత్తి నిలబడ్డాడు. డ్రైవరు తిడుతూ ఆపాడు.

"ఎక్కండి" అన్నాడు సైదా, మేకు నా చేతిలో పెట్టి. "సైకిలు ఇక్కడే ఉంటది."

ఎక్కాను. సీట్లు ఖాళీ లేవు, కమ్మీ పట్టుకుని నిలబడ్డాను. కండక్టరు వచ్చి ఎక్కడికని అడిగాడు.

"నందిగామ" అన్నాను.

"వినపళ్లేదు పెద్దాయనా, గట్టిగా చెప్పు."