లారీ హెడ్‌లైట్ల వెలుగులో తల్లి వేషం

మొన్న సాయంత్రం గాజువాకలో మా వీధి చివర కాలేజీ పిల్లలు నాటకం వేస్తుంటే వెళ్లి నిలబడ్డాను. అరచేతిలో ఇమిడే దీపాలు రెండు స్టాండ్లకు తగిలించి, మీట నొక్కగానే వీధంతా పట్టపగలు చేసేశారు. చప్పుడు లేదు, పొగ లేదు. కథ మీద నా మనసు నిలవలేదు గాని, ఆ దీపాలకేసి చూస్తూ డెబ్బయ్యో దశకం చివరి రోజుల్లోకి వెళ్లిపోయాను.

అప్పుడు మా ఆయన పోర్టు వర్క్‌షాపులో మెకానిక్కు. గోదావరి జిల్లా నుంచి కొత్తగా కాపురానికి వచ్చిన నేను, ఆయన అన్నగారు, అంటే మా బావగారు నడిపే నాటక బృందంలో చేరాను. సెలవు రోజుల్లో వ్యానులో సామాను వేసుకుని, కరెంటును నమ్ముకోలేని ఊళ్లకు వెళ్లి ఆడేవాళ్లం. వెలుగుకి మాకున్నవి పెట్రోమాక్సు దీపాలే. వాటి బుసలో మగవాళ్ల గొంతులు ఎలాగో నెగ్గుకొచ్చేవి గాని, నా సన్నని గొంతు ముందు వరసలు దాటేది కాదు. ఆనందపురంలో వినబడటం లేదని వెనకనుంచి జనం కేకలు వేశారు. తిరిగి వస్తుంటే బావగారు మెత్తగానే, సబ్బవరం ఆటకి నేను వేసే తల్లి వేషం ఇంకొకరికి ఇద్దామన్నారు. నేను వ్యాను కిటికీకేసి తిరిగి, ఎవరికీ కనబడకుండా ఏడ్చాను.

జనరేటరు అద్దెకు తెచ్చే స్తోమత మాకు లేదు, పైగా దాని మోత ఇంకా ఎక్కువ. మా ఆయన పాత సామాను దుకాణాలన్నీ తిరిగి ఒక జత లారీ హెడ్‌లైట్లు తెచ్చి, నూనె డబ్బాలు కత్తిరించి వాటికి గూళ్లు చేసి, బ్యాటరీకి తగిలించారు. కళ్లలో పొడిచే ఆ వెలుగుకి నా పాత నూలుచీర ముక్క అడ్డం కట్టాక మొహాలు మెత్తబడ్డాయి. మేముండే పోర్టు క్వార్టర్ల వెనక ఖాళీ స్థలంలో, మాకు చేపలు తెచ్చి అమ్మే పెద్దమ్మను దూరంగా కూర్చోబెట్టి, ముందు పెట్రోమాక్సు వెలిగించి నా మాటలు చెప్పాను.

"నోరాడతంది గానీ మాట రాట్లేదమ్మా. ఆ బుస్సు ఆపండి ముందు!" అని అరిచింది. హెడ్‌లైట్లు వేసి మళ్లీ చెప్పాను. ఈసారి, "సముద్రం మీదికెల్లిన కొడుకు కోసం ఏడుత్తన్నావు కదేటి?" అంది, కళ్లు తుడుచుకుంటూ. పక్కనే నిలబడి వింటున్న బావగారు నవ్వేసి, వేషం నాకే ఉంచారు.

సబ్బవరంలో అంతా బాగానే నడిచి, తీరా ఆఖరి రంగంలో బ్యాటరీ నీరసించింది. వెలుగు పసుపై, ఎరుపై, మసకబారిపోతోంది. పెట్రోమాక్సు పట్టుకుని పక్కనుంచి సైగ చేస్తున్న మా ఆయనకు వద్దని తల ఊపాను. కింద కదలిక వినబడి జనం లేచి వెళ్లిపోతున్నారనుకున్నాను. వెళ్లడం కాదు, చాపలు ఎత్తుకుని ముందుకి జరుగుతున్నారు. చివరి మాట పూర్తిగా చీకట్లోనే చెప్పాను. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఎవరో ఒకావిడ తడుముకుంటూ నా చెయ్యి పట్టుకుని, "వచ్చేత్తాడమ్మా నీ కొడుకు, ఊరుకో" అంది.

తరువాత కొందరు స్టీల్ ప్లాంటు షిఫ్టుల్లో పడ్డారు, ఇళ్లలోకి టీవీలు వచ్చాయి, బృందం దానంతటదే చెదిరిపోయింది. బావగారు ఇప్పుడు లేరు. ఆమధ్య వెళ్లి చూస్తే, సబ్బవరంలో మేము ఆడిన చోటు ఏ కాలనీలో కలిసిపోయిందో పోల్చుకోలేకపోయాను. ఇవాళ ఏ మూల కూర్చున్నవాళ్లకైనా అంతా కనబడుతుంది, అంతా వినబడుతుంది. అందుకేనేమో, ఎవరూ చాప ఎత్తుకుని దగ్గరికి జరగరు.